తెనాలి శిల్పానికి సొంత ఊళ్ళో చోటేదీ?

తెనాలి శిల్పశాలల్లో రూపుదిద్దుకున్న విగ్రహాలు లారీలెక్కి వెళ్ళిపోతాయి. ఇక్కడి శిల్పి కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత ఇనుప నట్లు, బోల్టులు ఏరి, వెల్డింగ్ చేసి నిలబెట్టిన 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం 2021లో బెంగళూరు దారి పట్టింది. ఊళ్ళో పిల్లలకు మిగిలింది పత్రికల్లో పడిన ఫొటోలే.

ఇటలీలోనూ కొందరు యువ కళాకారులు పాత గుడ్డలు, మట్టి, బొగ్గు, ఇనుము ముందేసుకుని పనిచేశారు. విమర్శకుడు జెర్మానో చెలాంత్ 1967లో ఆ ధోరణికి ‘ఆర్తె పోవెరా’ అని పేరుపెట్టాడు. అదే ఏడాది మికెలాంజెలో పిస్తొలెత్తో వీనస్ ప్రతిమను చింకిగుడ్డల కుప్పకు ఎదురుగా నిలిపాడు. వాళ్ళు కళకు పాత హద్దులు వద్దన్నారు. తెనాలివాళ్ళు ఎదుటి మనిషి పోలికను ఇనుములో పట్టుకుంటారు. ఉద్దేశాలు వేరైనా, పారేసిన సరుకులో రూపాన్ని చూసే కన్ను ఇద్దరిదీ.

ఆ ఇటలీ కళకు అమెరికాలో ఒక ఇల్లు దొరికింది. న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్ అనే చిన్న ఊళ్ళో, నాన్సీ ఓల్నిక్, జార్జో స్పానూ దంపతులు పాత పారిశ్రామిక భవనాన్ని మార్చి 2017లో ‘మగాజ్జీనో’ మ్యూజియం తెరిచారు. 2023లో కొత్త భవనం చేరింది. మురానో గాజు, పింగాణీ పనితనానికీ అక్కడ చోటిచ్చారు.

తెనాలి ప్రాంతానికి అంతకన్నా లోతైన పునాదే ఉంది. ‘మాయాబజార్’ (1957) కళాదర్శకుల్లో ఒకరైన మాధవపెద్ది గోఖలేది బ్రాహ్మణకోడూరు. చిత్రకళపై జీవితమంతా రాసిన సంజీవదేవ్‌ది తుమ్మపూడి. రేపల్లె దగ్గరి భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రీ వెలికితీసిన ధాతు పేటికలు చెన్నై మ్యూజియానికి చేరాయి. ఆ ఊరున్న బాపట్ల జిల్లా పిల్లలు తమ మట్టిలో దొరికినవాటిని చూడాలంటే రాష్ట్రం దాటాలి. నేటి శిల్పాలకూ ఆ గతి పట్టనివ్వకూడదు.

కోట్లు పోసి కొత్త మేడ కట్టనక్కర్లేదు. మూతపడిన రైసుమిల్లో, ఖాళీ గోదామో చాలు. పూర్తయిన విగ్రహాలకన్నా ముందు బంకమట్టి నమూనాలు, ప్లాస్టర్ అచ్చులు, గీతలు, పనిముట్లు అందులో చేరాలి. విగ్రహం ఎలా పుడుతుందో చెప్పేవి అవే. రాష్ట్ర సాంస్కృతిక శాఖ, తెనాలి మున్సిపాలిటీ శిల్పుల కుటుంబాలను పిలిచి ముందుగా వీటి జాబితా రాయించాలి. ప్రభుత్వ సొమ్ముతో చేయించే ప్రతి విగ్రహానికీ ఒక చిన్న నమూనా ఊళ్ళోనే ఉండాలని ఒప్పందంలో రాసుకోవాలి.