ముందు చేయి, తర్వాతే పెన్సిల్

మేము అంగన్‌వాడీల్లో, ఎల్‌కేజీ, యూకేజీ తరగతుల్లో పనిచేసే టీచర్లం. వచ్చే జూన్ నుంచి మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లల చేత నాలుగు గీతల పుస్తకాలు నింపించం. ఎవరు అడిగినా నింపించం.

ఐదేళ్ల పిల్లల మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. మూడేళ్లకు సున్నా చుట్టగల బిడ్డ, త్రిభుజం గీయాలంటే దాదాపు ఐదేళ్లు రావాలి. ఆ చేతికి పేజీల కొద్దీ దిద్దుడు పని పెట్టి, అక్షరాలు వంకరగా ఉన్నాయని కోప్పడటం మాకు న్యాయంగా తోచదు. మా దగ్గర పిల్లలు పిండి పిసుకుతారు, పూసలు గుచ్చుతారు, చిక్కుడుకాయలు ఒలుస్తారు, చుక్కలు కలిపి ముగ్గు వేస్తారు. ఆటలకా ఫీజు కట్టింది అంటారా? పెన్సిల్‌ను మూడు వేళ్లతో పట్టే బలం వచ్చేది ఈ పనులతోనే.

అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలితో దిద్దిస్తాం. పెద్దలు పెట్టిన మంచి పద్ధతి, ఒక్క పూటతో ఎందుకు ముగించాలో మాకు అర్థం కాదు. మా తరగతిలో ఇసుక పళ్లెం ఏడాదంతా ఉంటుంది. 1939లో మద్రాసు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి కూడా గరుకు కాగితపు అక్షరాలను పిల్లల చేత వేలితోనే తడిమించేది.

వర్ణమాలను వరసగా పాడిస్తాం, రాతలో మాత్రం ఆ వరస పాటించం. 'అ' నోటికి తేలికే గానీ చేతికి కాదు. గ, ర, ట ముందు నేర్పి, పక్కన సున్నా చేర్చితే 'గంట' అయిపోతుంది. వ వచ్చిన చేతికి ప, మ, ష ఎంతో దూరం కాదు. 'ఋ' తొందరేమీ లేదు, దాని కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు.

అన్నిటికంటే మాకు ముఖ్యమైంది ఇది: చెప్పడానికి ఏదో ఒకటి ఉంటేనే రాయాలనిపిస్తుంది. బొమ్మ గీసిన పిల్ల "మా తాత బర్రెకు గడ్డేసిండు" అంటే, బొమ్మ కింద ఆ మాటే రాస్తాం. పుస్తక భాషలోకి మార్చం. 'అమ్మ'ను 'అమ' అని రాస్తే ఎర్ర సిరా పెట్టం, ఒత్తు తర్వాత వస్తుంది. అక్షరం అద్దంలోలా తిరగబడినా ఈ వయసులో కంగారు పడం. ఎడమ చేత్తో రాసే పిల్లల పెన్సిల్‌ను కుడి చేతికి మార్చం.

2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు పునాది దశగా చూసి, ఆటపాటలతో నేర్పమంది. కాబట్టి మేం అడిగేది కొత్తదేం కాదు. ఎల్‌కేజీ సీటుకు రాత పరీక్ష పెట్టే బడుల్లో మేం ఆ పేపర్లు దిద్దం.

పేరెంట్స్ మీటింగులో నోటుబుక్కుకు బదులు బొమ్మల ఫైలు చేతికిస్తాం. హోంవర్క్ కావాలని పట్టుబట్టే ఇళ్లకు ఒకటే పని: సంతకు వెళ్లేముందు కూరగాయల చీటీ పిల్ల చెబుతుంటే మీరు రాయండి, అడుగున తన పేరు తనను రాసుకోనివ్వండి.