మాంత్రికుడు చచ్చాడా, బతికాడా?

2015 జులై 10న "బాహుబలి" మొదటి భాగం విడుదలైంది. చివర కట్టప్ప కత్తి దూసి తన ప్రభువును వెనకనుంచి పొడిచాడు. అంతే, బొమ్మ అయిపోయింది. రెండో భాగం 2017 ఏప్రిల్ 28న గాని రాలేదు. దాదాపు ఇరవై రెండు నెలల పాటు నలుగురు తెలుగువాళ్ళు కలుసుకున్నచోటల్లా "ఎందుకు చంపాడు?" అన్నదే మాట. కరీంనగర్ బస్టాండులో, మంచిర్యాల స్టేషన్లో, పెళ్ళి పందిళ్ళలో, ఎవరికి తోచిన కారణం వారు చెప్పారు. రాజమాత ఆజ్ఞ అయివుంటుందని కొందరు, చచ్చినవాడు అసలు బాహుబలే కాడని కొందరు, చచ్చినట్టు నటించాడని ఇంకొందరు. సినిమా కథకు ఇంత తర్జనభర్జనా అని కుర్రవాళ్ళే నవ్వుకున్నారు.

ఇళ్ళలో అరవై దాటినవాళ్ళకు మాత్రం ఇందులో వింతేమీ కనబడి ఉండదు. వాళ్ళు ఈ పని చిన్నప్పుడు నెలనెలా చేశారు.

నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జులైలో మద్రాసు నుంచి "చందమామ" ప్రారంభించారు. 1954లో అందులో "తోకచుక్క" అనే ధారావాహిక మొదలైంది. కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు ఓడలెక్కి బయలుదేరి, ఒంటికన్ను ఏకాక్షికీ నాలుగుకళ్ళ చతుర్నేత్రుడికీ, అంటే ఇద్దరు మాంత్రికుల పగకూ, మధ్యన చిక్కుకుంటాడు. ఇంతకన్న చెప్పటం భావ్యం కాదు. దాని వెనకే మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు, ఇలా దానితో కలిపి పన్నెండు వచ్చాయి. చాలావాటికి బొమ్మలు వేసినవారు "చిత్ర" అనే సంతకంతో పిల్లలందరికీ తెలిసిన రాఘవన్ గారు.

నెలకు కొద్ది పేజీలు. మొదట కుండలీకరణాల్లో కిందటి నెల కథ నాలుగు వాక్యాలు. ఆ తరువాత పరుగు. సరిగ్గా మొసలి నోరు తెరిచినప్పుడో, కొండచరియ అంచున కాలు జారినప్పుడో, పొదల్లోంచి వికటాట్టహాసం వినబడినప్పుడో, "ఇంకా ఉంది." ఈ రెండు మాటలకు పిల్లలు పెట్టిన శాపనార్థాలు ఫలించి ఉంటే అచ్చాఫీసు మిగిలేది కాదు.

పత్రిక మద్రాసులో అచ్చయ్యేది. అక్కడినుంచి ఢిల్లీ పోయే రైలుమార్గం కాజీపేట మీదుగా పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, కాగజ్‌నగర్ దాటి బల్లార్షా చేరుతుంది. ఆ దారిలో ఉన్న ఊళ్ళ పిల్లలకు ఒక ధీమా. కరీంనగర్‌కు ఆ రోజుల్లో రైలే లేదు. ఏదొచ్చినా బస్సు మీద రావలసిందే. పుస్తకాల కొట్టుకు రోజుకు రెండుసార్లు పోయి "వచ్చిందా?" అని అడగటం, ఇంకా రాలేదంటే కొట్టువాడి మీదే అనుమానపడటం మామూలు. గల్లీకి ఒకటో రెండో ప్రతులు. ముందు చదివినవాడు ఆ నాలుగు రోజులూ రాజు. "చెప్తే చూడు!" అని బెదిరించేవాళ్ళూ, "కొంచెమే చెప్పరా!" అని బతిమాలేవాళ్ళూ ఒకళ్ళే.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. చదవటం అరగంటలో అయిపోతుంది. మిగిలిన ఇరవై తొమ్మిది రోజులూ ఏం చేయాలి? వాదించుకోవాలి.

ఈ వాదనలు తెలుగుదేశమంతటా జరిగినవే గాని, మన ఉత్తర తెలంగాణలో వాటికి ఒక ప్రత్యేకమైన రుచి ఉండేది. 1948కి ముందు ఇక్కడి సర్కారు బడుల్లో చదువు ఉర్దూలో సాగింది. అందుచేత 1950లలో, 60లలో చాలా ఇళ్ళలో తండ్రికి ఉర్దూ ధారాళంగా వచ్చు, తెలుగు కూడబలుక్కుని చదవాలి. కొడుకో కూతురో బిగ్గరగా చందమామ చదువుతూంటే తండ్రి వక్కాకు నములుతూ వింటూండేవాడు. వినటంతో ఊరుకునేవాడు కాదు. ఆయన "తిలిస్మె హోష్‌రుబా" ఎరిగినవాడు. లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్సు వారు 1883 నుంచి సంపుటాలు సంపుటాలుగా అచ్చువేసిన మహా అద్భుత కథ అది. అందులో మాయానగరాన్ని కత్తితో గెలవలేరు. ఎక్కడో ఒక పలక దాచి ఉంటుంది. మాయను ఛేదించే ఉపాయం ఆ పలక చెబుతుంది. అందుచేత తండ్రిగారి సిద్ధాంతం ఎప్పుడూ పలకే.

అవ్వకు పలకలతో పనిలేదు. ఆవిడ బాలనాగమ్మ కథ విన్న మనిషి. "గా మాంత్రికుని పానం యాడనో దాచిపెట్టుంటడు బిడ్డా. చిలుక దొరకకుంటె వాడు సావడు." మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతలి చిలకలో ఉన్నప్పుడు ఈ కొత్త మాంత్రికుడి ప్రాణం మాత్రం వాడి ఒంట్లో ఎందుకుంటుంది? న్యాయమైన తర్కమే. ఆవిడకు "ఇంకా ఉంది" అన్నా కోపం రాదు. ఒగ్గు కథలో బీరప్పనో మల్లన్ననో ఆపదలో వదిలేసి డోలు దించి, మిగతాది రేపు రాత్రికన్న ఒగ్గువాళ్ళను ఆవిడ ఎంతమందిని చూడలేదు!

పిల్లల పద్ధతి వేరు. వాళ్ళు బొమ్మలను సాక్ష్యానికి పిలిచేవారు. "పోయిన నెల బొమ్మలో చెట్టు వెనక ఒక చెయ్యి కనబడ్డది. అది ఎవనిది?" ఆ చెయ్యి నిజంగా ఉన్నదో, అచ్చులో సిరా చెదిరిందో తేల్చటానికి పాత సంచికలన్నీ అటక మీదినుంచి దిగేవి. నా మటుకు నాకు ఈ మూడు పక్షాలలో పిల్లల పక్షమే శాస్త్రీయమని తోస్తుంది.

ఎవరు గెలిచేవారంటే, దాదాపు ఎవరూ కాదు. ఈ కథల మాంత్రికులు పాతకథల మాంత్రికుల్లాంటివాళ్ళు కారు. వాళ్ళకు ముక్కు మీద కోపం, ఒకడంటే ఒకడికి పడదు, వేసిన ఎత్తు తమకే తగులుతుంది. వీరుడు మహాబలుడు కావటం కన్న, వాళ్ళిద్దరూ కొట్టుకునే సందులోంచి జారుకోవటం వల్ల బతుకుతాడు. చిలకను వెతికిన అవ్వా, పలకను వెతికిన బాపూ నెలనెలా ఓడిపోయి, నెలనెలా మళ్ళీ అదే చెప్పేవారు.

కథలోని చోట్లు కూడా కళ్ళ ముందరే ఉండేవి. కరీంనగర్ పక్కన ఎలగందుల కోట ఉన్నది. అక్కడినుంచి మానకొండూరు దాకా సొరంగం ఉందని జనం చెప్పుకుంటారు. ఇలాంటి మాట వింటూ పెరిగిన పిల్లవాడికి "పాతాళదుర్గం" అనే పేరు చాలు. ఆదిలాబాదు వైపు పోతే కడెం నది కుంతాల దగ్గర రాళ్ళ మీదినుంచి దూకుతుంది, చుట్టూ టేకు అడవి. అక్కడి గోండుల పురాణంలో మహాదేవుడు వాళ్ళ దేవతలను గుహలో బంధిస్తే లింగాల్ వచ్చి విడిపిస్తాడు. ప్రధానులు కిక్రీ వాయిస్తూ ఆ కథ పాడుతారు. శిథిలాలయంలో విక్రమకేసరికి తోడుగా నడిచే శిఖిముఖి అడవి బిడ్డ. కోటలో పుట్టని వీరుణ్ణి ఆ జిల్లా పిల్లలు తమవాడనుకుంటే తప్పేమున్నది?

ఆదిలాబాదులో ఇంకొక సదుపాయం. అక్కడ మరాఠీ మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. చందమామ మరాఠీలో "చాందోబా" పేరుతో 1952 నుంచి వచ్చింది. అదే కథ, అవే బొమ్మలు. గోడకు ఇవతల మకరదేవత, గోడకు అవతలా మకరదేవతే. భాష తెలియకపోయినా బొమ్మ మీద వేలు పెట్టి పోట్లాడుకోవచ్చు.

ఇంత గందరగోళానికి కారకుడైన రచయిత ఎవరో ఎవరికీ తెలియదు. ధారావాహిక మీద పేరు ఉండేది కాదు. ఫోటోకు వ్యాఖ్య రాసి బహుమతి గెలిచినవారి పేరూ ఊరూ అచ్చయ్యేవి గాని, ఏళ్ళ తరబడి కథ నడిపినవారి పేరు అచ్చయ్యేది కాదు. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం గారు, తెనాలి ప్రాంతంవారు. 1952లో చందమామలో చేరి 2006 దాకా అక్కడే పనిచేశారు. బల్ల ముందు కూచుని ఇతరులు పంపిన కథలు చూసుకుంటూ, నెలకొకసారి లక్షలమంది పిల్లలను కొండ అంచున వేలాడదీసి, సాయంత్రానికి ఇంటికి పోయేవారు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. సంస్థ నియమమంటే నియమమే కావచ్చు. పేరు వేస్తే కథ రుచి తగ్గేదా?

ఆయన పేరు తెలియకపోయినా ఆయన లేని లోటు పాఠకులకు తెలిసింది. చక్రపాణి గారికి ఈ మంత్రాల కథలంటే మొదటినుంచీ అంత మక్కువ లేదు. 1960ల మధ్యలో వాటిని ఆపించి "దుర్గేశనందిని", "నవాబునందిని" వేయించారు. మొదటిది బంకించంద్రుడి నవల. తీసిపారేయదగినవి కావు. కాని పిల్లలకు కావలసింది నందినులు కారు, మాంత్రికులు! పాఠకులు పట్టుబట్టారు. 1966లో పాతాళదుర్గంతో దాసరివారి కలం మళ్ళీ కదిలింది. ఇంగ్లీషువాళ్ళ కథ ఒకటి జ్ఞాపకం వస్తుంది. కానన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలోకి తోసి చేతులు దులుపుకుంటే, పాఠకులు ఊరుకోక 1903లో బతికించి తెచ్చుకున్నారు. వాళ్ళకు పదేళ్ళు పట్టింది. మనవాళ్ళు అంతకాలం ఆగలేదు.

1959 నుంచి 1961 దాకా కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు విశ్వనాథ సత్యనారాయణ గారు ప్రిన్సిపాలు. అటు కళాశాలలో వేయిపడగల కవిసామ్రాట్టు, ఇటు గల్లీల్లో మాంత్రికుల రాజ్యం. ఒకే ఊళ్ళో రెండూ హాయిగా ఇమిడాయి.

దాసరివారు 2010లో కన్నుమూశారు. చందమామ కూడా ఆ తరువాత కొద్ది ఏళ్ళకే ఆగిపోయింది. ధారావాహికలు ఇప్పుడు ఆయన పేరుతోనే పుస్తకాలుగా దొరుకుతున్నాయి. వీటి గురించే జగిత్యాల నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. మనవడు సెలవుల్లో వచ్చి పాతాళదుర్గం పొద్దున పట్టుకుని రాత్రి అన్నాల వేళకు ముగించి, "మంచిగున్నది అమ్మమ్మా, ఇంకోటి ఉన్నదా?" అన్నాడట. సంతోషమూ కలిగింది, ఎందుకో ఉక్రోషమూ వచ్చిందట. "నాకు నెలలు పట్టిన కథ వానికి ఒక్క పూట. నా నెలలన్నీ యాడికి పోయినయి?" అని అడిగారు.

సోదరీ, ఆ నెలలు పుస్తకంలో లేవు. అచ్చయినది మీరు అరగంటలో చదివిన భాగమే. మిగతా ఇరవై తొమ్మిది రోజులూ మీ అరుగు మీద, మీ అవ్వతోనూ బాపుతోనూ, జరిగాయి. వాటిని ఎవరూ అచ్చువేయలేదు.

ఇప్పుడు చేయవలసింది ఒకటున్నది. శిథిలాలయం మనవడి చేతికి ఇవ్వకండి. బీరువా తాళంచెవి కొంగున ముడివేసుకుని, రాత్రికి ఒక భాగం మీరే చదివి వినిపించండి. "ఇంకా ఉంది" దగ్గర పుస్తకం మూసెయ్యండి. వాడు గింజుకుంటాడు, గింజుకోనివ్వండి. మర్నాడు అన్నం పెట్టేటప్పుడు, తరువాత ఏమై ఉంటుందని అడగండి. మీకు తోచింది మీరూ చెప్పండి, చిలక అయినా సరే, పలక అయినా సరే. మీ ఇద్దరి ఊహలూ మాకు రాసి పంపితే ఈ శీర్షికలో వేస్తాం.

ముగింపు మాత్రం రాయకండి. చదవనివాళ్ళు ఇంకా ఉన్నారు.