రోజుకొక సూర్యబింబం

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 ఇంకా దారిలో ఉండగానే, అందులోని ‘సూట్’ టెలిస్కోపు డిసెంబరులో సూర్యబింబం ఫొటోలు పంపింది. 200 నుంచి 400 నానోమీటర్ల మధ్య ఉండే అతినీలలోహిత కాంతిలో తీసిన ఫొటోలవి. ఆ కాంతిలో చాలా భాగాన్ని ఓజోన్ పొర పైనే ఆపేస్తుంది కాబట్టి నేల మీద ఎంత పెద్ద టెలిస్కోపు పెట్టినా ఆ బింబం పూర్తిగా దొరకదు. మన గడ్డ మీద నుంచి వెళ్లిన యంత్రం దాన్ని పట్టుకుందని గర్వపడటం న్యాయమే. అయితే మనం వాటిని చూసిన తీరులో ఒక లోటుంది. మొదటి ఫొటో, అరుదైన ఫొటో అంటూ సంబరపడి, ఆ వారం దాటగానే మరిచిపోతాం. సూర్యుడి గురించి మనిషి తెలుసుకున్నదాంట్లో ఎక్కువ భాగం అలాంటి ఒక్క ఘనమైన ఫొటో నుంచి రాలేదు. ఒకే చోట, ఒకే పద్ధతిలో, ఏ విశేషమూ లేని రోజుల్లో కూడా తీసి భద్రపరిచిన మామూలు ఫొటోల వరుస నుంచి వచ్చింది. ప్రయోగాలకు పెట్టే డబ్బులో, శ్రద్ధలో ఒక వంతు ఆ దినచర్యకు ఖాయంగా దక్కాలన్నది నా వాదన.

ఒక్క ఫొటోకు విలువ లేదని అనడం లేదు. 1845 ఏప్రిల్ 2న పారిస్‌లో ఫిజో, ఫూకో కలిసి సెకనులో అరవయ్యో వంతు కాలంలో తీసిన ఫొటోలో సూర్యమచ్చలతో పాటు ఇంకో సంగతి కూడా కనిపించింది. బింబం నడుమ కాంతి ఎక్కువ, అంచుల్లో తక్కువ. నడిమి నుంచి వచ్చే వెలుగు లోపలి వేడి పొరలది. అంచును మనం ఏటవాలుగా చూస్తాం కాబట్టి అక్కడి నుంచి వచ్చేది పైనున్న చల్లని పొరలది. అంటే సూర్యుడు కాలుతున్న గట్టి గుండు కాదు, పొరలున్న వాయుగోళం అని చెప్పే ఆధారం ఆ ఫొటోలోనే ఉంది. 1860 గ్రహణంలో స్పెయిన్‌లో రెండు వేర్వేరు చోట్ల నుంచి వారెన్ డి లా ర్యూ, సెక్కీ తీసిన ఫొటోలు పోల్చి చూశాకే, అంచున కనిపించే ఎర్రని జ్వాలలు చంద్రుడివి కావు, సూర్యుడివే అని తేలింది. 1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ గ్రహణ సమయాన టెనెంట్ బృందం తీసిన ఫొటోల్లో కొమ్ములా పొడుచుకొచ్చిన పెద్ద జ్వాల నమోదైంది. అదే ఊళ్లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ స్పెక్ట్రోస్కోపుతో చూసి, మర్నాడు గ్రహణం లేకుండానే ఆ జ్వాలల జాడ మళ్లీ పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఏం చేశాడన్నది మనవాళ్లు అంతగా చెప్పుకోరు. పారిస్ పక్కన మెడాన్‌లో అబ్జర్వేటరీ పెట్టి, 1876 నుంచి సూర్యుడి ఉపరితలాన్ని పదే పదే ఫొటో తీస్తూ కూర్చున్నాడు. గుంటూరులో పేరు తెచ్చుకున్న మనిషి మిగిలిన జీవితాన్ని ఆ పునరావృతానికే ఇచ్చాడు. ఒక్క ఫొటో అక్కడ ఏముందో చెబుతుంది. ఏది మారుతోంది, ఏ లయలో మారుతోంది అన్నది మాత్రం వరుసే చెప్పాలి.

మన దేశంలో ఆ వరుస పుట్టుక వెనుక రాయలసీమ కన్నీళ్లున్నాయి. 1876లో మొదలైన కరువు, ధాత నామ సంవత్సరపు కరువు, బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలను తుడిచిపెట్టింది. 1877లోనే విలియం హంటర్, నార్మన్ లాకియర్ కలిసి సూర్యమచ్చల సంఖ్యకూ దక్షిణ భారతంలో కరువులకూ సంబంధం ఉందని రాశారు. మచ్చలు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతాయని అప్పటికే తెలుసు. ఆ లెక్క పట్టుకుంటే వానలు ఎప్పుడు ముఖం చాటేస్తాయో ముందే తెలుస్తుందన్న ఆశ కలిగింది. లార్డ్ కెల్విన్ అధ్యక్షతన ఉన్న సంఘం సిఫారసుతో మద్రాసు అబ్జర్వేటరీ పని కొడైకెనాల్ కొండల మీదికి తరలింది. 1899లో అక్కడ సౌర అబ్జర్వేటరీ ఏర్పడింది. 1901లో పరిశీలనలు, 1904 నుంచి గాజు పలకల మీద రోజువారీ సూర్యబింబం ఫొటోలు మొదలయ్యాయి. మబ్బు లేని ప్రతి ఉదయం ఒక ఫొటో. రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చిపోయాయి, పాలకులు మారారు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, ఆ పని ఆగలేదు.

వర్షాల ఆశ మాత్రం ఫలించలేదు. ఇది దాచవలసిన సంగతి కాదు, ఈ వాదనకు ఎదురయ్యే మొదటి ప్రశ్న కూడా ఇదే: కరువు జోస్యం కోసం పెట్టిన సంస్థ ఆ జోస్యం చెప్పలేకపోతే ఆ ఖర్చు దండగ కాదా? మన వాతావరణ శాఖను నడిపిన గిల్బర్ట్ వాకర్ సూర్యమచ్చలనూ వానలనూ గణాంకాలతో కొలిచి చూస్తే బలమైన బంధమేదీ కనపడలేదు. రుతుపవనాల గుట్టు ఆయనకు పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద గాలి పీడనం ఊగిసలాటలో దొరికింది. కానీ ఒక ఊహ తప్పని తేలడానికి కూడా లెక్కలు కావాలి, లెక్కలకు వరుస కావాలి. ఈ కాలంలో దాని అవసరం ఇంకా పెరిగింది. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యుడి మొత్తం వెలుగును ఆపకుండా కొలుస్తున్నాయి. పదకొండేళ్ల చక్రంలో ఆ వెలుగు మారేది వెయ్యింట ఒక వంతు మాత్రమే. భూమి వేడెక్కుతున్న ఈ దశాబ్దాల్లో సూర్యుడి వెలుగు పెరగలేదు. వేడికి సూర్యుడే కారణమని ఎవరైనా తేలిగ్గా తేల్చేయబోతే అడ్డుపడేది ఈ నిదానమైన కొలతే.

అనుకున్నది దొరకకపోయినా, అనుకోనివి చాలా దొరికాయి. 1909లో కొడైకెనాల్‌లో జాన్ ఎవర్షెడ్, మచ్చ చుట్టూ ఉండే మసక వలయంలో వాయువు లోపలి నుంచి బయటికి సెకనుకు కొన్ని కిలోమీటర్ల వేగంతో ప్రవహిస్తోందని పట్టుకున్నాడు. ఆ ప్రవాహాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. గ్రీనిచ్ అబ్జర్వేటరీ 1874 నుంచి మన డెహ్రాడూన్ ఫొటోలను కూడా కలుపుకొని నడిపిన వరుసను ముందేసుకుని మాండర్ దంపతులు 1904లో ఒక పటం గీశారు. చక్రం మొదట్లో మచ్చలు మధ్యరేఖకు దూరంగా పుట్టి, ఏళ్లు గడిచేకొద్దీ దగ్గరికి జరుగుతూ రావడం ఆ పటంలో సీతాకోకచిలుక రెక్కల్లా తేలింది. ఏ ఒక్క రోజు ఫొటోలోనూ ఆ రెక్కలు లేవు. మచ్చలు నిజానికి బలమైన అయస్కాంత క్షేత్రాలని హేల్ 1908లో అమెరికాలో నిరూపించాడు. అప్పుడు ఒక చిక్కు వచ్చింది. సూర్యుడి అయస్కాంత పటాలను క్రమంగా గీయడం ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో గాని కుదరలేదు. మరి అంతకుముందు కాలం సంగతేమిటి? కొడైకెనాల్‌లో తెల్లకాంతితో పాటు కాల్షియం వెలువరించే ఊదారంగు గీతలోనూ సూర్యుణ్ని ఫొటో తీసేవారు. అయస్కాంత బలం ఉన్నచోట ఆ గీతలో వెలుగు హెచ్చుతుంది. ఆ పలకల్లో మెరిసే చోట్లను లెక్కిస్తే, అయస్కాంత పటాలే లేని కాలపు అయస్కాంతత్వాన్ని ఇప్పుడు అంచనా కట్టవచ్చు. సూర్యుడి ధ్రువాల దగ్గరి అయస్కాంత బలం వచ్చే చక్రం ఎంత ఉధృతంగా ఉంటుందో చెప్పే మంచి సూచిక. పాత పలకల్లో ధ్రువాల వైపు చిన్న మెరుపులను లెక్కించి ఆ బలాన్ని వెనక్కి వెళ్లి తెలుసుకున్నారు. హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదివి, 1960లో కొడైకెనాల్ బాధ్యత తీసుకున్న వైను బప్పు, ఇదే కాల్షియం గీత వెడల్పును బట్టి నక్షత్రాల అసలు కాంతిని చెప్పవచ్చని ఓలిన్ విల్సన్‌తో కలిసి చూపించిన మనిషి. 1910లో పలకను కడిగి ఆరబెట్టిన ఉద్యోగికి ఈ ఉపయోగాలేవీ తెలియవు. తెలియకుండానే తన పని సరిగ్గా చేశాడు. ఊళ్లో కరణం రాసిన అడంగల్‌లో ఏ ఒక్క ఏటి పేజీకీ పెద్ద విలువ ఉండదు, తగువు వచ్చినప్పుడు మాత్రం ముప్పై ఏళ్ల పేజీలు కావాలి, మధ్యలో ఒక్కటీ చిరగకూడదు. సూర్యుడి ఫొటోల సంగతీ అంతే.

పేజీ చిరిగితే ఏమవుతుందో గ్రీనిచ్ చూపించింది. వందేళ్లు నడిచిన ఆ వరుసను 1976లో ఆపేశారు. తర్వాతి మచ్చల కొలతలు అమెరికా వైమానిక దళపు కేంద్రాల నుంచి తీసుకుంటే, పాత లెక్కతో కలపడానికి వాటిని దాదాపు 1.4తో గుణించాల్సి వచ్చింది. సూర్యుడు మారాడా, కొలిచే చెయ్యి మారిందా అన్న సందేహం తీర్చుకోవడానికే ఎన్నో ఏళ్ల శ్రమ పోయింది. అమెరికాలోని మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో కాల్షియం ఫొటోల వరుస 1985లో ఆగింది. కొడైకెనాల్‌లో పలకల నుంచి డిజిటల్ కెమెరాకు మారినా పని కొనసాగుతోంది.

ఉపగ్రహాలుండగా కొండ మీద టెలిస్కోపు దేనికని అడిగేవారు ఉంటారు. నాసా వారి సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ 2010 నుంచి పది రకాల కాంతుల్లో, కొన్నిట్లో పన్నెండు సెకన్లకోసారి ఫొటో తీస్తోంది. సోలార్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక 2025లో సూర్యుడి దక్షిణ ధ్రువాన్ని మొదటిసారి చూపించింది. నేల మీది ఏ యంత్రమూ వీటికి సాటిరాదు, ఒప్పుకుంటాను. కానీ ఉపగ్రహం ఆయుష్షు సాధారణంగా పది, ఇరవై ఏళ్లు. సూర్యుడి అయస్కాంత చక్రం పూర్తి కావడానికే ఇరవై రెండేళ్లు పడుతుంది. 1998లో సూర్యుణ్ని చూసే సోహో ఉపగ్రహంతో వారాల తరబడి సంబంధం తెగిపోయింది. 2024 నవంబరులో స్టాన్‌ఫోర్డ్‌లో నీటి గొట్టం పగిలి, సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ సమాచారాన్ని దాచే కేంద్రంలోకి నీళ్లు చేరి యంత్రాలు పాడయ్యాయి. పాత ఉపగ్రహానికీ కొత్తదానికీ నడుమ కొలతను జారిపోకుండా పట్టి ఉంచేది నేల మీది వరుసే. ఆదిత్య-ఎల్1 తన గడువు ముగించాక దాని ఫొటోలకు అర్థం చెప్పాలన్నా ఆ ఆసరా కావాలి. ఖర్చు విషయంలోనూ రెంటికీ పోటీ లేదు. ఒక ప్రయోగానికి అయ్యే దాంట్లో కొసరుతో ఇలాంటి కేంద్రం ఏళ్లకేళ్లు నడుస్తుంది.

పాత ఫొటోలను నమ్మవచ్చా అన్న అభ్యంతరానికి మాత్రం బరువుంది. రుతుపవనాల నెలల్లో కొండ మీద మబ్బు కమ్మి రోజులకు రోజులు ఫొటోలు లేవు. కొన్ని పలకలు వెలిసిపోయాయి. తొలినాళ్ల వాటిలో వెలుగును కొలవడానికి తగిన గుర్తులు లేవు, కొన్నిటి మీద ఉత్తరం దిక్కు సరిగ్గా నమోదు కాలేదు. ఇవన్నీ నిజమే. అయితే మెడాన్, మౌంట్ విల్సన్, కొడైకెనాల్ ఒకే సూర్యుణ్ని చూశాయి; ఒకచోట మబ్బుంటే ఇంకోచోట తెరపి ఉంది, ఒక పలక తప్పును మరో పలక దిద్దుతుంది. దోషమున్న కొలతను దిద్దే దారులున్నాయి. తీయని ఫొటోకు ఏ దిద్దుబాటూ లేదు. దీనికి తోడు, అంతరిక్షం నుంచి వచ్చే బంగారు రంగు, ఆకుపచ్చ సూర్యుళ్లు వేసిన రంగులే కదా అని కొందరు పెదవి విరుస్తారు. అవును, వేసినవే. కంటికి కనపడని కాంతికి రంగు ఉండదు కాబట్టి, ఆరు లక్షల డిగ్రీల వాయువును ఒక రంగుతో, ఇంకా వేడి వాయువును మరో రంగుతో గుర్తిస్తారు. కొలత ఉన్నది వెలుగు హెచ్చుతగ్గుల్లో. పత్రికలు ఆ ఫొటో అచ్చేసేటప్పుడు అది ఏ కాంతిలో తీసిందో, ఆ రంగు దేనికి గుర్తో రెండు ముక్కలు రాస్తే ఈ అపనమ్మకం ఉండదు. ఆ పని మనం చేయడం లేదు.

ఈ వరుస అవసరం సౌర తుపానుల విషయంలోనూ ఉంది. వాటి వల్ల మనకేం ముప్పు, అవి ధ్రువాల దగ్గరి దేశాల బాధ కదా అనుకోవడం కూడా పొరపాటు. 1989 మార్చిలో కెనడాలోని క్విబెక్‌లో కరెంటు పోయి అరవై లక్షల మంది గంటల తరబడి చీకట్లో ఉన్న మాట నిజం, మన గ్రిడ్‌కు అంత ప్రమాదం లేని మాటా నిజం. కానీ ఉపగ్రహానికి ఏ దేశమూ లేదు. 2022 ఫిబ్రవరిలో సౌర అలజడికి పైవాతావరణం ఉబ్బడంతో అప్పుడే పంపిన స్టార్‌లింక్ ఉపగ్రహాలు 38 రాలిపోయాయి. విమానాలకు, ఓడలకు దారి చూపే ఉపగ్రహ సంకేతాలు అయానోస్ఫియర్‌లో ఎక్కువగా చెదిరే చోట్లలో భూ అయస్కాంత మధ్యరేఖకు ఇరుపక్కల ఉన్న ప్రాంతాలు ముఖ్యమైనవి. మన దేశం అక్కడే ఉంది. 2024 మే 10, 11 తేదీల్లో వచ్చిన తుపాను గత ఇరవై ఏళ్లలోకెల్లా పెద్దది. లద్దాఖ్‌లోని హాన్లేలో కెమెరాలు ఎర్రని అరోరాను పట్టాయి. అలాంటిది ఎన్నేళ్లకోసారి రావచ్చో, 1859 నాటి క్యారింగ్టన్ తుపానంతటిది మళ్లీ వచ్చే అవకాశమెంతో చెప్పడానికి కొన్ని దశాబ్దాల ఉపగ్రహ ఫొటోలు చాలవు. అరుదైన వాటిని లెక్క కట్టేవారికి శతాబ్దాలు కావాలి.

కాబట్టి అడగవలసినవి పెద్ద కోరికలు కావు. కొడైకెనాల్ రోజువారీ ఫొటోకు, పలకల భద్రతకు, ఆ పని తెలిసిన మనుషుల నియామకానికి ఏటేటా బతిమాలుకోనక్కర్లేని కేటాయింపు ఉండాలి. ఫొటోలు ఎంత బహిరంగంగా ఉంటే అంత ఉపయోగమని సోహో అనుభవం చెబుతోంది. ఇంటర్నెట్‌లో పెట్టిన ఆ ఫొటోల్లో 2024 మార్చి నాటికి 5,000 తోకచుక్కలు బయటపడ్డాయి. వాటిలో అత్యధికం కనిపెట్టింది జీతం తీసుకునే శాస్త్రవేత్తలు కాదు, ఓపిగ్గా చూసిన సామాన్యులు. కొడైకెనాల్ పలకల డిజిటల్ ప్రతులను భారత ఖగోళ భౌతిక సంస్థ అందరికీ అందుబాటులో ఉంచింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాలు డిగ్రీ భౌతికశాస్త్రం విద్యార్థులకు వరుసగా పది రోజుల ఫొటోలిచ్చి, మచ్చలు ఎంత జరిగాయో కొలవమంటే, సూర్యుడి మధ్యరేఖ దాదాపు 25 రోజుల్లో తిరుగుతుందనీ ధ్రువాల వైపు ఇంకా నెమ్మదిగా తిరుగుతుందనీ వాళ్లే తేల్చగలరు. అందుకు కొత్త ల్యాబ్ కట్టనక్కర్లేదు. ప్రాక్టికల్స్ జాబితాలో ఒక ప్రయోగానికి చోటిచ్చి, ఒక కంప్యూటరు, స్కేలు ఇస్తే వచ్చే విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు.