కోడికూరలో గరిజల పొడి వేస్తే తప్పేంది?

దీపావళి అయిపోయిన వారం మన ఇళ్ళల్లో తప్పకుండా వినపడే మాట ఒకటుంది: "డబ్బాల గరిజల పొడి మిగిలింది, ఏం జేద్దాం?" కామాటిపురాలో పెరిగిన మా ఇంటి ఆడవాళ్ళ దగ్గర దానికి జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఆదివారం కోడికూరలో వేసేయడమే. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు ఈ సంగతి విని నవ్వేవాళ్ళు. ఇప్పుడు మా ఇంటి పిల్లలే "ఇది అసలు తెలంగాణ వంటే కాదు, బొంబాయిలో పాడుచేసిన వంట" అంటున్నారు. ఆ మాటను మేము ఒప్పుకోము. ఎందుకో చెప్తాము.

గరిజల పొడిలో ఏముంటుందో ఒకసారి చూడండి. తురిమిన ఎండుకొబ్బరి కుడుక, వేయించిన నువ్వులు, గసాలు, కాస్త బొంబాయి రవ్వ, ఇలాచీ, చక్కెర. ఇక మన కోడికూర మసాలాలో ఏముంటుంది? కుడుక, గసాలు, కొందరిళ్ళల్లో నువ్వులు, ఇలాచీ, లవంగం, దాల్చినచెక్క. అంటే చక్కెర, రవ్వ తీసేస్తే రెండూ దాదాపు ఒకటే డబ్బా. తీపి సామాను వేరు, కారం సామాను వేరు అని మనం అనుకుంటాం గానీ, మన కిరాణా చిట్టీలో ఆ గీత ఎన్నడూ లేదు. బోనాల నాడైతే బెల్లం, పాలు పోసి వండిన బోనం, కోడికూర ఒకే పొయ్యి మీద నుంచి దిగుతాయి. పప్పుచారులో చింతపండు పులుపు ఎక్కువైతే బెల్లం ముక్క వేయని అవ్వ ఎవరు?

పదడుగుల ఖోలీలో ఒక గ్యాస్‌నూనె స్టవ్, గోడకు ఒక అలమారా, అందులోనే ఆరేడుగురి బట్టలు, గిన్నెలు, బియ్యం. అలాంటి ఇంట్లో ఏ వస్తువూ ఒక్క పనికోసమే ఉండదు. రేషన్ చక్కెర లెక్కపెట్టి వాడుకునే రోజుల్లో చక్కెర కలిసిన పొడిని పారేయడం అనే ఆలోచనే ఎవరికీ రాదు. చీమలు పట్టకముందే వాడేయాలి. 18వ శతాబ్దం చివర నిజాం ఇలాకా నుంచి వచ్చి ఈ ఊరి కట్టడాల్లో రాళ్ళు మోసిన కామాటీల పేరు మీదే కామాటిపురా వెలిసింది. ఆ తర్వాత మిల్లుల కోసం పద్మశాలీలు, కూలీపనుల కోసం పాలమూరు వాళ్ళు వచ్చారు. వీళ్ళెవరూ వంటల పుస్తకం చంకలో పెట్టుకొని రాలేదు. ఊళ్ళో తిన్నది గుర్తుపెట్టుకున్నారు, ఇక్కడ దొరికింది కలుపుకున్నారు. పక్క ఖోలీలో మరాఠీ మావుషి కరంజీలు చేస్తే, మనం చేసే గరిజలూ అవే అని తెలిసిపోయింది. ఆమె సారణం మనకొచ్చింది, మన కూర గిన్నె అటు పోయింది.

ఇంకో మాట. మన చుట్టుపక్కల ఎవరూ మాంసంలో తీపిని చూసి భయపడలేదు. కాస్త దూరంలో భేండీ బజార్‌లో బోహ్రీల ఇళ్ళల్లో పెద్ద థాల్ చుట్టూ కూర్చొని మొదట ఉప్పు రుచి చూస్తారు. తర్వాత ఒక తీపి, ఒక కారం, మళ్ళీ తీపి, మళ్ళీ కారం. పార్సీలు ఎండు జర్దాలూ వేసి కోడికూర వండుతారు. మన హైదరాబాద్ పెళ్ళిళ్ళల్లో ఖుబానీ కా మీఠా చేసేది ఆ పండుతోనే. తుర్కీలో అయితే కోడి రొమ్ముమాంసాన్ని దారాలుగా విడదీసి, పాలు, చక్కెర వేసి పాయసంలాగే చేసి తవుక్ గోగ్సు అని తింటారు. అదంతా సంప్రదాయం అయినప్పుడు, కామాటిపురా అవ్వ చేసింది మాత్రం పాడుచేయడం ఎట్లయితది?

అయితే ఏది పడితే అది వేయమని కాదు. దీనికి పద్ధతి ఉంది. పొడిని మొదట్లోనే నూనెలో వేస్తే చక్కెర మాడి చేదెక్కుతుంది. కోడి ముక్కలు ఉల్లిగడ్డ, అల్లం ఎల్లిపాయ, కారం, పసుపు, ఉప్పుతో ముప్పావు వంతు ఉడికాక వేయాలి. కిలో కోడికి నాలుగు చెంచాలు చాలు. రవ్వ ఉంది కాబట్టి పులుసు దానంతట అదే చిక్కబడుతుంది, అందుకే నీళ్ళు కొంచెం ఎక్కువ పోయాలి, అడుగంటకుండా కలుపుతుండాలి. కారం మామూలుకన్నా ఒక చెంచా ఎక్కువ. చివర్లో చిన్న నిమ్మకాయంత చింతపండు రసం. ఈ పులుపు లేకపోతే కూర మొహం మొత్తుతుంది. తినేవాడికి "తియ్యగుంది" అనిపించకూడదు, "ఇందులో ఏదో ఉంది" అనిపించాలి.

ఇక ఇప్పటి పిల్లల ప్రయోగాలు. మిల్క్‌మెయిడ్ డబ్బా ఒంపి చికెన్, గులాబ్ జామూన్ పొడిలో దొర్లించి వేయించిన చికెన్, కస్టర్డ్ పొడితో గ్రేవీ. కస్టర్డ్ పొడి పర్వాలేదు, అది ఎక్కువగా మొక్కజొన్న పిండే, వెనీలా వాసన భరించగలిగితే. మిల్క్‌మెయిడ్‌తోనే మాకు పేచీ. అందులో సగం దాకా చక్కెరే. పైగా పాల సామానులో చింతపండు పోస్తే విరిగిపోతుంది కాబట్టి పులుపు తగ్గించేస్తారు, అప్పుడు తీపికి ఎదురు నిలిచేది ఏదీ ఉండదు. మా ఇంట్లోనే నలుగురు షుగర్ మాత్రలు మింగుతున్నారు. కూరలో దాక్కున్న చక్కెర లెక్కలోకి రాదు అనుకుంటే ఎట్ల? మన అవ్వలు చక్కెర వేసింది మిగిలిందని, కొద్దిగా, కారాన్ని మెత్తబరచడానికి. డబ్బా కొని మరీ పోయడం వేరే సంగతి. అయినా పిల్లలను తిట్టొద్దు అంటాము. చేతికందిన దానితో వండాలన్న బుద్ధి వాళ్ళకు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ఖోలీ నుంచే కదా.

ఇప్పుడే ఈ గొడవ ఎందుకంటే, కామాటిపురా పాత ఇండ్లు కూల్చి టవర్లు కట్టే పని మ్హాడా చేతిలో ఉంది. వర్లీ బీడీడీ చాళ్ళల్లో ఆ పని ఇప్పటికే నడుస్తోంది. ఒకే వరండాలో గిన్నెలు మార్చుకున్న కుటుంబాలు ఇప్పటికే కొన్ని భివండీకి, కొన్ని నవీ ముంబయికి, కొన్ని తిరిగి హైదరాబాద్‌కి పోయాయి. అక్కడ మన పిల్లలు "అసలైన తెలంగాణ చికెన్" అని హోటల్ బోర్డులు చూసి, ఇంట్లో వండిందే నకిలీ అనుకుంటున్నారు. ఆ బోర్డు వెనక వండేవాడికి మన గరిజల పొడి కోడి సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మనకు తెలియాలి. వండిన ఆడవాళ్ళల్లో చాలామందికి రాయడం రాదు, కొలతలు చేతిలోనే ఉన్నాయి, ఆ చేతులకు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళు.

అందుకే ఈ దీపావళికి మా ఇంట్లో పెద్దమ్మ పక్కన త్రాసు పెట్టి, ఆమె పిడికిలిని గ్రాముల్లో తూచి రాసుకోబోతున్నాము. మీ ఇంట్లో ఎవరైనా ఇట్లాంటిది వండితే మీరూ రాసి పంపండి. బూరెల పూర్ణంతో చేసినా, కోవాతో చేసినా సరే. కూర పక్కన జొన్నరొట్టె పెట్టాలా, ఇరానీ బేకరీ పావ్ పెట్టాలా అన్నది మాత్రం మా ఇంట్లో ఇంకా తేలలేదు.