ఆశాకు పాఠం పంపారు, మరి ఉజ్రత్?

కాన్పయిన కోడలు బిడ్డను ఎత్తుకోదు, అన్నం ముట్టదు. ‘అసర్’ అంటాం, తావీజ్ కడతాం. దువా వద్దనను. దవా ఏదీ అంటున్నా.

రావల్పిండి పల్లెల్లో గర్భిణిగా ఉన్నప్పుడే డిప్రెషన్‌లో పడ్డ ఆడవాళ్ల ఇళ్లకు లేడీ హెల్త్ వర్కర్లు వెళ్లి మాట్లాడారు. బిడ్డ పుట్టిన 6 నెలలకు ఆ తల్లుల్లో జబ్బు 23 శాతానికే మిగిలింది. ఈ తరహా మాట సాయం అందని తల్లుల్లో 53. 2008లో లాన్సెట్‌లో అచ్చయిన లెక్క. ‘ఆశాకేం తెలుసు’ అనే డాక్టర్ సాబ్‌లు చదవాలి.

మన దగ్గర, భోపాల్ పక్క సీహోర్ జిల్లాలో, డిప్రెషన్‌కు 6 నుంచి 8 విడతల కౌన్సెలింగ్‌ను సంగాత్ సంస్థ ఆశాలకు స్మార్ట్‌ఫోన్‌లోనే నేర్పింది. ముబారక్! కానీ సర్కారు కాగితాల్లో ఆశా ఇప్పటికీ వాలంటీరే. ఎక్కువ చెల్లింపు పని లెక్కనే: టీకాకు ఇంత, కాన్పుకు ఇంత. మరి ఏడ్చే మనిషి పక్కన గంట కూర్చుంటే? అలా 8 సార్లు తిరిగితే? యాప్ చేసినవాళ్లకు జీతముంది. ఆమెకు మాత్రం సవాబ్ చాలంటారా?