తేనెపెట్టెకు శత్రువులు ఎందరో!

వదినలూ, చెల్లెమ్మలూ! పెరట్లో తేనెపెట్టె పెట్టుకుంటే చాలు, ఇక తేనెకు లోటుండదు అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నానండీ. కిందటేడు వానల్లో నెల్లాళ్లు పెట్టె మూత తియ్యలేదు. ఓ రోజు పొద్దున్నే చూస్తే ఈగల చప్పుడే లేదు. మూత తీద్దునుకదా, పట్టుల నిండా సాలెగూడులాంటి తెల్లటి దారాలు, వాటి మధ్య లావుపాటి పురుగులు! ఇంట్లోంచి లక్ష్మి వెళ్లిపోయినట్టుందని అత్తయ్యగారు ఆ పూట అన్నం సరిగా తినలేదు.

అది మైనపు పురుగు. బూడిదరంగు రెక్కల పురుగు రాత్రిపూట లోపల దూరి, చెక్క సందుల్లో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు పట్టును తొలుచుకుంటూ పోతాయి. ఈగలు నిండుగా ఉంటే వాటిని బయటికి ఈడ్చి పారేస్తాయి. పూలు లేక, తిండి చాలక ఈగలు తగ్గినప్పుడే ఈ పురుగుది పైచెయ్యి. బాధ భరించలేకపోతే మన నాటు ఈగలు గూడు వదిలేసి ఎగిరిపోతాయి.

అందుకని వారానికోసారి మూత తీసి చూడండి. అడుగు పలక మీది చెత్త ఊడ్చెయ్యండి. ఈగలు లేని పాత నల్ల పట్టులు తీసేసి, వెంటనే కరిగించి మైనం చేసుకోండి. పక్కన పడేస్తే అవే పురుగులకి పుట్టిల్లు. పెట్టె పగుళ్లు మూసెయ్యండి. పూలు లేని రోజుల్లో పంచదార, నీళ్లు సమంగా కలిపి సాయంత్రం పూట లోపలే పెట్టండి. ఒలికితే చీమలు పడతాయి సుమా!

చీమలకి మందు మన వంటింట్లోదే. జాలీ బీరువా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడతాం కదా, స్టాండు కాళ్లకీ అలాగే పెట్టండి. దోమలు చేరకుండా ఆ నీళ్లు మారుస్తూ ఉండండి. పెట్టెకు తగిలే కొమ్మలు కొట్టెయ్యండి, లేకపోతే చీమలు వాటిమీదుగా వస్తాయి.

కందిరీగలు గుమ్మం దగ్గర కాపుకాసి ఈగల్ని ఎత్తుకుపోతాయి. మన ఈగలూ తక్కువవి కావండోయ్! గుంపుగా కందిరీగను బంతిలా కమ్మేసి, ఒంటి వేడితోనే చంపేస్తాయి. గుమ్మం చిన్నది చేస్తే వాటికి కాపలా తేలిక. చూరుకింద కందిరీగల గూడు కనిపిస్తే రాళ్లు వెయ్యకండి, తెలిసినవాళ్లచేత తీయించండి. బల్లుల్ని, తొండల్ని కూడా పెట్టె దగ్గరికి చేరనివ్వకండి.

ఏం వచ్చినా పురుగుమందు మాత్రం కొట్టొద్దు. ముందు చచ్చేది ఈగలే.

అన్నిటికీ పురుగులే కారణం కాదు. 1991-92లో దక్షిణాదిన థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బుతో నాటు ఈగల గూళ్లు ఎన్నో పోయాయి. గదుల్లో పిల్లలు నీళ్ల తిత్తుల్లా ఉబ్బి చచ్చిపోయి కనిపిస్తే, ఆ పట్టులు ఇంకో పెట్టెలో పెట్టకండి.

మా పెట్టెలోకి ఈ ఏడు మళ్లీ ఈగలొచ్చాయి. ఇప్పుడు శుక్రవారం గుమ్మానికి పసుపు రాసినట్టే, పెట్టె మూత తీయడం కూడా మానను. అత్తయ్యగారే గుర్తుచేస్తారు!