ఎత్తిన బరువు ఎవరు దించాలి?

ఈ సంచికకు జిమ్ గురించి రాస్తానంటే సంపాదకవర్గం తమ్ముళ్లు నవ్వారు. నవ్వినవాళ్లలో సగంమంది సాయంత్రం ఆరు దాటితే అక్కడే కనిపిస్తారు!

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల వెంట నడవండి. కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి మధ్య జిమ్‌ల బోర్డులు. రెండింటికీ సంబంధం ఉంది. ఎస్సై, కానిస్టేబుల్ ఉద్యోగాలకు 2022లో వచ్చిన నోటిఫికేషన్ల ప్రకారం మగవాళ్లు 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, 7.26 కిలోల గుండు 6 మీటర్లు విసరాలి. ఆడవాళ్లకు 800 మీటర్ల పరుగు, 4 కిలోల గుండు. కాబట్టి మనవాళ్లకు జిమ్ షోకు కాదు, బతుకుదెరువు. అలాంటి చోట ఒక్క బెంచి దగ్గర పదిమంది నిలబడి ఉంటే, దాని మీద కూర్చుని సెల్‌ఫోన్ చూసుకునేవాణ్ణి ఏమనాలి? "ఫీజు కట్టాను" అంటాడు. నిలబడ్డ పదిమందీ కట్టారు కదా! నువ్వొక సెట్టు, నేనొక సెట్టు అనుకుంటే ఇద్దరి పనీ అవుతుంది.

అంతకంటే నన్ను బాధపెట్టేది ఇంకోటి ఉంది. బార్‌కు రెండువైపులా ప్లేట్లు ఎక్కించి, నాలుగు సెట్లు కొట్టి, అద్దంలో కండ చూసుకుని వెళ్లిపోతారు. ఆ ప్లేట్లు ఎవరు తీయాలి? తర్వాత వచ్చే బక్కపిల్లాడు తీయాలి. లేదంటే రాత్రి ఊడ్చే అక్క ఒక్కొక్కటే మోసుకెళ్లి స్టాండుకు పెట్టాలి. ఒకడు వాడి పారేసింది ఇంకొకరు ఎత్తాలనే పద్ధతి ఈ దేశంలో ఎవరి నెత్తిన పడిందో మన హాస్టల్ పిల్లలకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మన ఇళ్లలో చీపురు పట్టి మనల్ని చదివించినవాళ్లున్నారు. వాళ్ల బిడ్డలం మనం కూడా అలాగే వదిలేసి వస్తే ఎలా?

పాతబస్తీ తాలీంలలో కుస్తీ పట్టే పహిల్వానే పార పట్టుకుని మట్టి తవ్వి చదును చేస్తాడు. అది కూడా కసరత్తే. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000 సంవత్సరంలో కాంస్యం గెలిచిన మన శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 130 కిలోలు తలపైకి ఎత్తారు. ఆ ఆటలో రిఫరీ సంకేతం ఇచ్చేదాకా బరువు పట్టి ఉంచాలి. సంకేతం వచ్చాక కూడా భుజాల పైనుంచే వదిలేస్తే ఆ ఎత్తు చెల్లదు. మనవాళ్లు ఇరవై కిలోల డంబెల్ ఎత్తి ధడేల్‌మని పడేస్తారు! జిమ్ మూడో అంతస్తులో, కింద రెండో అంతస్తులో గ్రూప్స్ క్లాసు. ఆ క్లాసులో కూర్చున్నది కూడా మన తోటివాళ్లే.

చెమట సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. "బెంచి తుడువు" అంటే మనవాళ్లలో కొందరికి చురుక్కుమంటుంది. ముట్టుకోవద్దన్న మాటలు తాతల నాటి నుంచీ విన్నాం, అందుకే గుచ్చుకుంటుంది. కానీ లేచిన ప్రతివాడూ తుడవాలంటే అది శుభ్రత. తువ్వాలు తీసుకెళ్లండి, ఎవరూ చెప్పకముందే తుడవండి. మీరు ఏ హాస్టలో తెలిశాక, మీరు లేచిన బెంచిని మాత్రమే ఒకడు రెండుసార్లు తుడిస్తే అది వేరే సంగతి. అప్పుడు ఊరుకోకండి, అందరి ముందూ అడగండి.

కొత్తగా వచ్చినవాణ్ణి చూసి "అగ్గిపుల్ల", "గాలికి పోతావురా" అని నవ్వడం మానాలి. పీజీ దాకా చదివే హాస్టల్ విద్యార్థికి మెస్ చార్జీ నెలకు 1,500 రూపాయలు ఉండేది, 2024లో 2,100 చేశారు. మూడుపూటల తిండికి అదే! పక్కన ఒకడు ప్రోటీన్ డబ్బా చూపించి "ఇది తాగకపోతే బాడీ రాదు" అంటాడు. దాని ధర విని ఆ పిల్లాడు మర్నాటి నుంచి రాడు. మనలాంటి గురుకులాల్లో చదువుకున్న మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పదమూడేళ్లు. ఆ పాప ఒళ్లు చూసి ఎవరైనా లెక్క కట్టగలిగేవారా? బార్ కింద చిక్కుకున్న కొత్తవాడికి ముందు చెయ్యి అందించండి, సలహా అడిగితే ఇవ్వండి.

చెల్లెళ్ల విషయంలో అడగకుండా సలహా అసలే వద్దు. గుడ్లప్పగించి చూడటం, వీడియో తీసుకుంటూ వెనకాల ఆమె కనపడేలా ఫోను పెట్టడం తప్పు. రెండురోజులు అలా జరిగితే ఆమె జిమ్ మానేస్తుంది. దేహదారుఢ్య పరీక్షలో గుండు ఆరంగుళాల తేడాతో పోతే ఆ ఉద్యోగం మీరిస్తారా?

ఈ ఏడాది పూర్వ విద్యార్థులం చందాలు వేసుకుని హాస్టల్‌కు డంబెల్స్, ఒక బెంచి కొనాలని మాట్లాడుకుంటున్నాం. నా మాట ఒకటే. డంబెల్స్ కంటే ముందు వాటిని పెట్టే స్టాండు కొనండి. దాని ఖర్చు నాది. తుడిచే గుడ్డలు మీరు తెచ్చుకోండి.